పాత క్రాఫ్ట్స్‌మన్ ఇల్లు కొన్న తెలుగువారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

కాలిఫోర్నియాలో వందేళ్లు దాటిన క్రాఫ్ట్స్‌మన్ ఇల్లు, అంటే చేతిపనికి పెద్దపీట వేసి కట్టిన ఆ కాలపు చెక్క ఇల్లు, కొన్నవారికి, ప్రస్తుతం ఎస్క్రోలో, అంటే కొనుగోలు ఇంకా పూర్తికాని దశలో, ఉన్నవారికి, శని ఆదివారాలు ఓపెన్ హౌస్‌లు తిరుగుతూ "ఇల్లు బాగుంది కానీ లోపలంతా పీకేసి కొత్తగా చేయించుకోవాలి" అనుకుంటున్నవారికి ఈ ఉత్తరం. లోపలంతా పీకేయకండి అని అడగడానికే రాస్తున్నాను. ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను, ఓపిక పట్టండి.

నేను లాస్ ఏంజిలస్ పక్కనున్న పాసడీనాలో ఉంటాను. ఈమధ్య మా వీధిలో 1912 నాటి ఇల్లొకటి మనవాళ్లే కొన్నారు. చాలా మంచి మనుషులు, గృహప్రవేశానికి వీధి మొత్తాన్ని పిలిచి భోజనాలు పెట్టారు. ఆ తరవాత పని మొదలైంది. ఒకరోజు పొద్దున్న చూస్తే ఇంటి ముందు డంప్‌స్టర్‌లో, అంటే చెత్త వేసే పెద్ద ఇనుప తొట్టిలో, భోజనాల గది గోడతో కలిపి కట్టిన బఫే (పళ్లేలు, గిన్నెలు పెట్టుకునే అల్మారా), దాని సీసపు చట్రాల గాజు తలుపులు, కిటికీ కిందుండే పెట్టె బల్ల, అన్నీ ముక్కలై పడున్నాయి. వెళ్లి అడిగితే ఆ ఇంటావిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "పాత చెక్కే కదండీ, కాంట్రాక్టర్ తీసేద్దామన్నాడు. అది దాచుకోవాల్సిందని మాకెవరూ చెప్పలేదే" అన్నారు. ఆవిడ మాట నిజం. రియల్టర్ చెప్పలేదు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు పైపుల గురించి, కప్పు గురించి పేజీలకు పేజీలు రాస్తుంది, ఆ బఫే గురించి ఒక్క ముక్క రాయదు. బ్యాంకు అసలే అడగదు. అందుకే మనలో మనం చెప్పుకోవాలనిపించింది.

పాసడీనాకు ఎవరైనా చుట్టాలు వస్తే నేను తీసుకెళ్లే మొదటి చోటు వెస్ట్‌మోర్లాండ్ ప్లేస్‌లోని గ్యాంబుల్ హౌస్. మీరు ఇల్లు కొనకముందే ఒక్కసారి అక్కడికి వెళ్లి రండి. చాలా పెద్ద ఇల్లే, డబ్బున్నవాళ్లు కట్టించుకున్నదే. అయినా మీ చిన్న బంగళా (ఇక్కడ ఇలాంటి చిన్న ఇంటినే బంగళా అంటారు) ఏ ఆలోచనతో పుట్టిందో ఆ ఇంట్లో గంటసేపు తిరిగితే అర్థమైపోతుంది.

ఆ ఆలోచన ఇంగ్లండ్‌లో పుట్టింది. 19వ శతాబ్దంలో ఫ్యాక్టరీలు వచ్చి కుర్చీ నుంచి కర్టెన్ వరకు అన్నీ మిషన్ మీద గుట్టలుగా తయారవుతుంటే, చేతి పనివాడి గౌరవం పోతోందని జాన్ రస్కిన్ రాశారు, విలియం మోరిస్ పని చేసి చూపించారు. మోరిస్ కోసం స్నేహితుడు ఫిలిప్ వెబ్ 1859–60లో డిజైన్ చేసిన రెడ్ హౌస్ లండన్ శివారు బెక్స్‌లీహీత్‌లో ఇప్పటికీ ఉంది. చెక్క చెక్కలాగే కనబడాలి, ఇటుక ఇటుకలాగే కనబడాలి, ఇల్లూ అందులోని సామానూ ఒకే చేతి పనిలా ఉండాలి అన్నది వాళ్ల పట్టుదల. దీన్నే ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం అంటారు. అమెరికాలో గుస్తావ్ స్టిక్లీ 1901 నుంచి 1916 దాకా నడిపిన 'ది క్రాఫ్ట్స్‌మన్' పత్రిక ఈ భావాన్ని మామూలు సంసారుల ఇళ్ల దాకా తెచ్చింది. ఈ ఇళ్లకు ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది.

మనకు ఇదంతా సంబంధం లేని కథ అనుకోకండి. ఈ ఉద్యమంలో ముఖ్యుడైన సి.ఆర్. ఆష్బీ, ఇంగ్లండ్‌లోని బ్రాడ్ క్యాంప్‌డెన్‌లో ఒక పాత ప్రార్థనా మందిరాన్ని కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి కోసం ఇల్లుగా మార్చి ఇచ్చారు. ఆ కుమారస్వామితో కలిసే మన చీరాల–పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నందికేశ్వరుడి నాట్య గ్రంథం అభినయ దర్పణాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు, 1917లో అది అచ్చయింది. ఆష్బీ 1909లో పాసడీనా వచ్చి, గ్యాంబుల్ హౌస్ కట్టిన చార్లెస్ గ్రీన్ పని చూసి ఎంతో మెచ్చుకుంటూ రాసుకున్నారు. దుగ్గిరాలకూ మా ఊరి ఇళ్లకూ మధ్య ఉన్నది ఇద్దరే మనుషులు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక గ్యాంబుల్ హౌస్. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ పేరు వినే ఉంటారు, మన ఇళ్లలో వాడే ఏరియల్, టైడ్ వాళ్లవే. ఆ కుటుంబంలో రెండో తరం మనిషి డేవిడ్ గ్యాంబుల్, ఆయన భార్య మేరీ. సిన్సినాటీ చలి తట్టుకోలేక పాసడీనాలో చలికాలం గడపడానికి 1908లో ఈ ఇల్లు మొదలుపెట్టించారు. ఆర్కిటెక్టులు చార్లెస్ గ్రీన్, హెన్రీ గ్రీన్ అనే అన్నదమ్ములు. ఇద్దరూ సెయింట్ లూయిస్‌లో చేతిపనులు నేర్పే స్కూల్లో చదివారు. పుస్తకాలతో పాటు రంపం, ఉలి పట్టించేవారు అక్కడ. తరవాత ఎంఐటీలో ఆర్కిటెక్చర్ చదివి, 1893లో తల్లిదండ్రుల దగ్గరికి పాసడీనా వచ్చారు. వచ్చే దారిలో షికాగో ప్రపంచ ప్రదర్శనలో జపాన్ వాళ్లు చెక్కతో కట్టి పెట్టిన భవనం చూశారు. జపాన్ ప్రభావం వాళ్ల ఇళ్లలో జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది.

ఇంటి వాకిలి తూర్పు ముఖం. టేకు చట్రంలో మూడు తలుపులకూ కలిపి ఒకే ఓక్ చెట్టు కొమ్మలు చాచినట్టు గాజు బిగించారు. ఆ గాజు పని ఎమిల్ లాంగే అనే కళాకారుడిది. పొద్దుటి ఎండ ఆ గాజులోంచి దూరి హాల్లో నేల మీద బంగారు రంగులో పడుతుంది. లోపలికి అడుగు పెట్టాక ఎక్కడ చూసినా చెక్కే: టేకు, మహాగనీ, మేపుల్, దేవదారు జాతి చెక్క, ఓక్. చిత్రిక పట్టి, అంచులన్నీ గుండ్రంగా అరగదీసి, ముట్టుకుంటే చెయ్యి జారిపోయేంత నునుపు చేశారు. స్వీడన్ నుంచి వచ్చిన పీటర్ హాల్, జాన్ హాల్ అన్నదమ్ములు, వాళ్ల దగ్గరి వడ్రంగులు చేసిన పని అది.

మెట్ల దగ్గర, కుర్చీల మీద, అల్మారాల మీద చిన్న చిన్న నల్లటి చదరపు బిళ్లలు కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు అలంకారం అనుకుంటారు. అవి ఎబొనీ చెక్క బిళ్లలు, వాటి వెనక మరలు ఉంటాయి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మరను గట్టిగా బిగించేస్తే పలక పగులుతుంది. అందుకని మర కాస్త అటూ ఇటూ జరిగేలా పొడుగాటి కంతలో బిగించి, పైన ఆ నల్లబిళ్లతో మూశారు. అంటే అందంగా కనబడే ప్రతి చుక్క వెనకా ఒక అవసరం ఉంది. కట్టి ఇన్నేళ్లయినా ఆ పలకలు పగలకుండా ఉన్నాయంటే కారణం ఇదే.

ఆ ఇంట్లో సామాను విడిగా కొని తెచ్చి పెట్టింది కాదు. దీపాలు, తివాచీలు, బల్లలు, చాలావరకు ఆ అన్నదమ్ములే గీసి చేయించారు. మేరీ గ్యాంబుల్ దగ్గర రూక్‌వుడ్ కుండీలు ఉండేవి, సిన్సినాటీలో తయారైనవి. వాటి మీది నగిషీ చూసి పడకగది ఫర్నిచర్ మీద అదే తీరులో చెక్క పొదుగు పని చేశారు. మేరీ చెల్లెలు జూలియా కూడా ఆ ఇంట్లోనే ఉండేవారు, ఆవిడకంటూ ప్రత్యేకంగా ఒక గది. బయట లోతైన చూరు, చూరు దాటి ముందుకు సాగిన వాసాల కొనలు, మేడ మీద గాలికి పడుకోవడానికి కప్పున్న వరండాలు. మన పల్లెటూళ్లలో అరుగు ఎందుకుందో ఆ వరండాలూ అందుకే ఉన్నాయి: ఇంటికీ బయటికీ మధ్య మనిషి కాసేపు ఆగడానికి.

ఈ ఇల్లు మనకు ఎలా మిగిలిందో చెప్పాలి. డేవిడ్, మేరీ, ఆ తరవాత 1943లో జూలియా పోయాక, కొడుకు సెసిల్, ఆయన భార్య లూయీజ్ అందులో ఉన్నారు. ఒక దశలో అమ్మేద్దామనుకున్నారు. కొనడానికి వచ్చినవాళ్లు ఇల్లంతా తిరిగి, లోపలి చెక్కంతా తెల్ల రంగు వేయిస్తే వెలుతురుగా ఉంటుంది అని మాట్లాడుకోవడం వీళ్ల చెవిన పడింది. అంతే, అమ్మకం మానుకున్నారు. చివరికి 1966లో గ్యాంబుల్ కుటుంబం ఆ ఇంటిని సామానుతో సహా పాసడీనా నగరానికి ఇచ్చేసింది, యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా దాన్ని చూసుకునేలా ఒప్పందం కుదిరింది. 1977లో జాతీయ చారిత్రక చిహ్నమైంది. ఆర్కిటెక్చర్ చదివే విద్యార్థులు ఇద్దరేసి ఏడాదిపాటు అక్కడ కాపురం ఉండే ఏర్పాటు దశాబ్దాల పాటు నడిచింది. 2000ల మొదట్లో ఎండకూ వానకూ పాడైన వాసాల కొనల్ని, బయటి చెక్కను ఓపిగ్గా బాగుచేయించారు.

ఒక్క డబ్బా తెల్ల రంగు మాట ఎంత దూరం పోగలదో చూడండి. కొనడానికి వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. తమకు తోచింది అన్నారు. వినపడే దూరంలో విలువ తెలిసిన మనుషులు ఉండటం వల్ల ఇల్లు బతికింది.

అందరి ఇళ్లకూ ఆ అదృష్టం పట్టలేదు. అదే పాసడీనాలో, ఓక్ నోల్ ప్రాంతంలో, అవే చేతులు 1907లో కట్టిన బ్లాకర్ హౌస్ ఉంది. మిషిగన్‌లో కలప వ్యాపారం చేసి వచ్చిన రాబర్ట్ బ్లాకర్ కట్టించుకున్నారు. ఆయన భార్య పోయాక చుట్టూ ఉన్న తోట ప్లాట్లుగా అమ్ముడైంది, ఆ ఇంటి కోసమే చేసిన ఫర్నిచర్ తలో దిక్కుకూ పోయింది. అయినా దీపాలు మిగిలాయి. దూలాల నుంచి తోలు పట్టీలతో వేలాడే చెక్క, గాజు లాంతర్లు. ఏ గది దూలానికి ఆ లాంతరు. 1985లో ఆ ఇంటిని ఊరి బయటి కొనుగోలుదారులు సుమారు 12 లక్షల డాలర్లకు కొన్నారు. కొద్ది రోజుల్లోనే దాదాపు 50 దీపాలు విప్పి పట్టుకుపోయారు. గ్రీన్ సోదరుల దీపం ఒక్కోటి పదుల వేల డాలర్లు పలుకుతున్న కాలమది. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, వాళ్ల ఇల్లు, వాళ్ల దీపాలు.

ఊరు ఊరంతా భగ్గుమంది. ఆ దెబ్బతో పాసడీనా నగరం హడావుడిగా ఒక ఆర్డినెన్స్ తెచ్చింది: గ్రీన్ సోదరుల ఇళ్లలోంచి అలాంటివి తీయాలంటే ముందు నగరం పరిశీలించాలి. కానీ పోయిన దీపాలు మ్యూజియంలకూ సొంత కలెక్షన్లకూ చెదిరిపోయాయి. 1994లో ఆ ఇంటిని కొన్న కుటుంబం ఏళ్ల తరబడి ఖర్చు పెట్టి, పాత ఫొటోలు, డ్రాయింగులు చూసి, మంచి వడ్రంగుల చేత అచ్చు అలాంటి దీపాలే మళ్లీ చేయించుకుంది. ఈరోజు ఆ ఇల్లు మళ్లీ వెలుగుతోంది. ఆ కుటుంబానికి నేను మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. బ్లాకర్ హౌస్ తరవాత వచ్చిన ఆ రక్షణ కొద్దిపాటి ఇళ్లకే. మామూలు పాత ఇంటి విషయంలో, నగరం గుర్తించిన చారిత్రక ప్రాంతంలో ఉన్నా సరే, చట్టం సాధారణంగా వీధిలోంచి కనిపించే ముఖం వరకే చూస్తుంది. ముందు వరండా స్తంభాలు మార్చాలంటే, కిటికీలు మార్చాలంటే పర్మిట్ ఆఫీసు అడుగుతుంది. గడప దాటి లోపలికి వచ్చాక అడిగే నాథుడు ఉండడు. దేశంలోని చారిత్రక కట్టడాల జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో పేరున్నా అంతే. అది గౌరవమే తప్ప, సొంత డబ్బుతో సొంత ఇంటిని మార్చుకునే యజమానిని అది ఒక్కటే ఆపలేదు. అందుకే ఈ ఉత్తరం నగర పాలక సంస్థకు కాకుండా మీకు రాస్తున్నాను. ఆ బఫేకి, ఆ గాజుకి, ఆ నిప్పుగూటికి ఉన్న ఏకైక కాపలా ఇంటి యజమాని. ఈరోజు ఆ యజమాని మీరు.

"మాది గ్యాంబుల్ హౌస్ కాదు కదా, రెండు బెడ్‌రూముల బంగళా" అంటారని తెలుసు. పాసడీనాలో బంగళో హెవెన్ అని ఒక పేట ఉంది, సుమారు 800 ఇళ్లు. చాలావరకు 1900ల నుంచి 1920ల మధ్య మధ్యతరగతి జనం కోసం కట్టినవి. 1980ల్లో అక్కడొక పాత ఇంటిని కూల్చి అపార్ట్‌మెంట్ లేపేసరికి ఇరుగుపొరుగు ఒక్కటయ్యారు. 1989లో అది నగరంలో మొదటి ల్యాండ్‌మార్క్ డిస్ట్రిక్ట్ (నగరం గుర్తించిన చారిత్రక ప్రాంతం) అయ్యింది, 2008లో నేషనల్ రిజిస్టర్‌కు ఎక్కింది. ఆ ఇళ్లను ఏ కోటీశ్వరుడూ కట్టించలేదు. ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే. కానీ చేతిపని ధనవంతుడికే దక్కే సొత్తుగా ఉండకూడదన్న ఉద్యమం మాట నిజంగా నెరవేరింది ఆ చిన్న ఇళ్లలోనే. గ్యాంబుల్ హౌస్‌ను మ్యూజియంగా నిలబెట్టడానికి మనుషులున్నారు. మీ ఇంటికి మీరే ఉన్నారు.

మీ ఇంట్లో ఏం చూడాలో చెబుతాను. భోజనాల గదిలో గోడలో కలిసిపోయిన బఫే, ముందుగదికీ భోజనాల గదికీ మధ్య పొట్టి అల్మారాల మీద నిలబెట్టిన స్తంభాలు, గోడలోకి జరిగిపోయే తలుపులు, భుజాల ఎత్తున గోడ చుట్టూ పళ్లేలు నిలబెట్టుకునే చెక్క పట్టీ, నిప్పుగూడు చుట్టూ మట్టి రంగు పలకలు. పలకల మీద నెమళ్లో, తీగలో, ఓడలో ఉబ్బెత్తుగా ఉంటే ఇంకా జాగ్రత్త, అవి ఎర్నెస్ట్ బ్యాచెల్డర్ చేయించినవి కావచ్చు. ఆయన 1910 ప్రాంతంలో పాసడీనాలో తన ఇంటి పెరట్లో బట్టీ పెట్టి మొదలుపెట్టారు. 1932లో ఫ్యాక్టరీ మూతపడింది, ఇక రావు. ఇక చెక్క: ఆ కాలంలో వాడిన డగ్లస్ ఫర్, రెడ్‌వుడ్ వందల ఏళ్లు నిదానంగా పెరిగిన అడవి చెట్లవి. పొరలు దగ్గర దగ్గరగా, గట్టిగా ఉంటాయి. ఈరోజు హోమ్ డిపో లాంటి ఇంటి సామాన్ల దుకాణంలో ఎంత డబ్బు పోసినా ఆ చెక్క దొరకదు.

మీ సందేహాలు నాకు తెలుసు. మన ఫంక్షన్లలో ఎప్పుడూ వినేవే.

మొదటిది వంటిల్లు. అందరూ గోడ కొట్టేసి ఓపెన్ కిచెన్ చేయిస్తున్నారు కాబట్టి మనమూ చేయించాలని. మన వంటకి అది సరిపడుతుందా, ఒక్కసారి ఆలోచించండి. ఇంగువ పోపు వేస్తే, ఎండుమిరపకాయలు వేయిస్తే ఇల్లంతా దగ్గే. ఓపెన్ కిచెన్ చేయించుకున్నవాళ్లే తరవాత గ్యారేజీ పక్కన ఇంకో వంటగది కట్టుకుంటున్నారు. క్రాఫ్ట్స్‌మన్ ఇంటికి వంటిల్లు విడిగా, తలుపుతో, చాలాసార్లు పెరటి వైపు చిన్న వరండాతో సహా ముందే ఉంది. గట్టి చిమ్నీ ఫ్యాన్ ఒకటి పెట్టించుకోండి, కౌంటర్, స్టవ్, సింక్ అన్నీ కొత్తవి వేయించుకోండి. నూటికి తొంభై ఇళ్లలో వంటిల్లు ఎలాగూ ఇప్పటికే మారిపోయి ఉంటుంది. దాని మీద మీ ఇష్టం. భోజనాల గది గోడను మాత్రం కదపకండి.

రెండోది వాస్తు. నమ్మేవాళ్ల నమ్మకాన్ని నేను కాదనను. అయితే ఈ ఇళ్లలో గదులు ఎక్కువ, తలుపులు ఎక్కువ. ఏ గదిని దేనికి వాడుకోవాలో మార్చుకోవడానికి చాలా వీలుంది. గోడలు పగలగొట్టే ముందు మీ సిద్ధాంతిగారిని ఆ దారి అడిగి చూడండి. ఈశాన్యపు మూల గాజు తలుపుల అల్మారా ఉన్న ఇంట్లో దాన్నే దేవుడి గూడుగా పెట్టుకున్న కుటుంబం నాకు తెలుసు. చూడముచ్చటగా ఉంటుంది.

మూడోది, "లోపల చీకటి". ఇది నిజమైన ఇబ్బందే. కానీ చెక్క అంత నల్లగా ఉండటానికి చాలాసార్లు కారణం దశాబ్దాల మసి, పాతబడిన పూత. ఆ రోజుల్లో లోపలి చెక్కకు ఎక్కువగా వేసింది షెల్లాక్, అంటే లక్క. మన దేశం నుంచే ఎగుమతయ్యేది. ఆల్కహాల్‌లో తడిపిన దూదితో కనబడని మూల రుద్ది చూడండి, పూత జిగురుగా కరిగితే అది లక్కే. తెలిసిన పనివాడైతే చెక్కను గీకకుండానే ఆ పూత శుభ్రం చేసి మళ్లీ వేయగలడు. కింది రంగు తేనెలా బయటపడుతుంది. ఎవరో ముందే రంగు వేసేసి ఉంటే మాత్రం సొంతంగా గీకకండి. 1978కి ముందటి రంగుల్లో సీసం ఉండొచ్చు, పిల్లలున్న ఇంట్లో ఆ పొడి ప్రమాదం. సర్టిఫికేట్ ఉన్నవాళ్ల చేతే చేయించాలి.

కిటికీల సంగతి ఒక్క మాట. తాడు, ఇనుప బరువులతో పైకీ కిందికీ జరిగే పాత చెక్క కిటికీని విడదీసి బాగు చేయొచ్చు: తాడు తెగితే తాడు, గాజు పగిలితే గాజు. వినైల్ (ప్లాస్టిక్) కిటికీ సీల్ పోతే మొత్తం తీసి పారేయాల్సిందే.

కరెంటు వైరింగ్, పైపులు, పునాదుల విషయంలో నేను పాతదాన్ని సమర్థించను. పింగాణీ గుబ్బల మీద లాగిన ఆ కాలపు వైర్లు ఉంటే మార్పించండి. ఇంటిని పునాదికి బోల్టులతో బిగించి, నేలకింది పొట్టిగోడలకు ప్లైవుడ్ బలం వేయించడం భూకంపాల నేలలో తప్పనిసరి. దీనికి కాలిఫోర్నియాలో ఎర్త్‌క్వేక్ బ్రేస్ ప్లస్ బోల్ట్ పథకం కింద ఎంపిక చేసిన ప్రాంతాల్లో 3,000 డాలర్ల వరకు సాయం దొరుకుతుంది. ఇవన్నీ ఇంటి అందాన్ని ముట్టుకోకుండా చేయగలిగిన పనులే. పాత ఇళ్లకు వేరే బిల్డింగ్ కోడ్ కూడా ఉంది, గుర్తింపు పొందిన చారిత్రక కట్టడాలకు వర్తిస్తుంది. కొత్త ఇంటి కొలతలన్నీ వీటి మీద రుద్దకుండా భద్రతకు వేరే దారులు ఒప్పుకుంటుంది. మీ కాంట్రాక్టర్‌కు ఆ కోడ్ తెలియకపోతే తెలిసిన కాంట్రాక్టర్‌ను వెతకండి.

ఇక డబ్బు. మిల్స్ యాక్ట్ అని 1972 నాటి కాలిఫోర్నియా చట్టం ఉంది. మీ ఊరు దాన్ని అమలు చేస్తుంటే, మీ ఇల్లు చారిత్రకంగా గుర్తింపు పొందితే, నగరంతో మీరు ఒప్పందం చేసుకోవచ్చు. ఇంటిని ఇలా ఇలా కాపాడతాం, ఈ రిపేర్లు చేయిస్తాం అని మీరు రాసిస్తారు. దానికి బదులు ప్రాపర్టీ ట్యాక్స్ వేరే పద్ధతిలో లెక్కకట్టి తగ్గిస్తారు. ఒప్పందం కనీసం పదేళ్లు, ఏటా దానంతటదే పొడిగిస్తూ పోతుంది, ఇల్లు అమ్మితే కొన్నవారికి బదిలీ అవుతుంది. ఇది ముఖ్యంగా మనలాంటి కొత్త కొనుగోలుదారులకు పనికొస్తుంది. ఎప్పుడో 1980లో కొన్నవాళ్ల ట్యాక్స్ ఎలాగూ తక్కువ, ఈరోజు ధర పెట్టి కొన్న మనకే భారం ఎక్కువ. ప్రతి ఊళ్లోనూ ఈ పథకం లేదు, ఉన్నచోట ఏటా తీసుకునే దరఖాస్తులు పరిమితం. అందుకే రీమోడల్ మొదలెట్టకముందే ప్లానింగ్ ఆఫీసుకు వెళ్లి అడగాలి. అంతా పీకేశాక అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు.

2025 జనవరి 7న ఈటన్ కార్చిచ్చు మా పక్కనే ఉన్న ఆల్టడీనాను కాల్చేసింది. 9,000కు పైగా కట్టడాలు పోయాయి. అందులో ఎన్నో ఈ కాలపు ఇళ్లు. వీధులకు వీధులు బూడిదైతే పొగగొట్టాలు మాత్రం నిలబడ్డాయి. వాటి కింద నిప్పుగూళ్ల చుట్టూ బ్యాచెల్డర్ పలకలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, బట్టీలో కాలినవి కదా. బుల్డోజర్లు వచ్చి శిథిలాలు ఎత్తేలోపే వాలంటీర్లు, తాపీ పనివాళ్లు మాస్కులు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఇంటివాళ్ల అనుమతి తీసుకుని, ఆ పలకల్ని ఒక్కొక్కటిగా ఊడదీసి, అట్టపెట్టెల్లో సర్ది ఇచ్చారు. ఇల్లంతా పోగొట్టుకున్న మనుషులకు మిగిలింది అదొక్కటే. బూడిదలోంచి ఏరుకున్న ఆ పలకలనే నిక్షేపంగా ఉన్న ఇంట్లో సుత్తితో కొట్టి తీసి, పైన బూడిద రంగు రాయి అతికిస్తున్నారంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పాత ఇంట్లో హాయిగా బతకొచ్చు. బర్క్‌లీలో గ్రీన్ సోదరులే 1909–10లో కట్టిన థార్సన్ హౌస్‌లో 1940ల నుంచి కాలేజీ కుర్రాళ్లు ఉంటున్నారు. బ్లాకర్ ఇల్లాలి సొంత సోదరి ఇల్లది. కుర్రాళ్లు ఉండి కాపాడుకోగలిగితే మన సంసారాలకు కష్టమేమీ కాదు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. తాళంచెవి చేతికొచ్చిన రోజే ప్రతి గదిని, ప్రతి తలుపును, ప్రతి గడియను ఫొటో తీసి పెట్టుకోండి. ఒక సంవత్సరం ఏమీ పీకకుండా కాపురం ఉండండి. ఏ కిటికీలోంచి సాయంత్రం గాలి వస్తుందో, ఏ బల్ల మీద పిల్లలు చేరతారో మీకే తెలుస్తుంది. అప్పటికీ ఏదైనా తీయక తప్పదనుకుంటే విరగ్గొట్టకుండా విప్పించండి. అటక మీద పెట్టండి, లేదా పాత సామాను కొనే సాల్వేజ్ యార్డుకు ఫోన్ చేయండి. మీ తరవాత వచ్చేవాళ్లు తిరిగి బిగించుకునే వీలు ఉండాలి.

తెలుగు రియల్టర్లకు కూడా ఒక విన్నపం. మనవాళ్లు మీ మాట వింటారు. పాత ఇల్లు చూపించేటప్పుడు "ఇదంతా తీసేసి కొత్తగా చేయించుకోవచ్చు" అనడానికి ముందు, ఆ ఇంట్లో ఏముందో ఒక్కసారి చెప్పండి. మిల్స్ యాక్ట్ సంగతి లిస్టింగ్‌లోనే రాయండి. తెలుగు సంఘాలవారు హోమ్ లోన్ల మీద, ట్యాక్సుల మీద సమావేశాలు పెడుతుంటారు, మంచిదే. వాటిలో పాత ఇళ్ల కోసం ఒక గంట కేటాయించండి. పాసడీనా హెరిటేజ్ సంస్థ 1977 నుంచి ఈ పనిలోనే ఉంది, మీ ఊళ్లోనూ అలాంటిదొకటి ఉండే ఉంటుంది, వాళ్లను పిలిచి మాట్లాడించండి. తెలుగులో చెప్పేవాళ్లు కావాలంటే నేను వస్తాను. కొనబోయే ఇంటిని చూడటానికి తోడు రమ్మన్నా వస్తాను, డంప్‌స్టర్ బుక్ చేయకముందు పిలవండి.

ఇట్లు,
మీ పాసడీనా పొరుగు